ఎడమ చక్రం చప్పుడు

ఉన్, సూరత్
18 జూన్ 2024

ఓంకార్,

నీ బావ రాఘవయ్యను రాస్తున్నాను. ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నీ గొంతు నాకు తుమ్మెద రొదలాగే ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు బట్ట నేసే సాంచాల మధ్య ఫిట్టరుగా బతికినవాడి చెవులు ఇంతకంటే మిగలవు. మెసేజులు పెట్టమంటావు గానీ చీమ తలకాయంత అక్షరాలతో ఈ వయసులో నావల్ల కాదు. కోరుట్ల బస్సు వారానికి రెండుసార్లు మీ అక్క వంటకు గోంగూర, దోసకాయలు ఎలాగూ మోసుకొస్తోంది. ఆ సంచిలో ఒక కాగితం ఎక్కువైతే బస్సు నడుమేమీ విరగదు.

సంగతేమిటంటే, కడోదరాలో కొన్న పాత కారు చప్పుడు చేస్తోందట. "అట" అని ఎందుకన్నానంటే అది వినేది మీ అక్క ఒక్కతే. పొద్దున్నే వంట ముగించి సాంబారు గిన్నె, అన్నం డబ్బాలు వెనక పెట్టుకుని ఇద్దరం హజీరా ఫ్యాక్టరీల దగ్గరికి వెళ్తాం. అక్కడ పద్దెనిమిది మంది మన తెలుగు ఇంజనీర్లు లలిత చేతి భోజనానికి అలవాటు పడ్డారు. సచిన్ ఊరి రోడ్డెక్కగానే ఆమె నా మోచెయ్యి తట్టి, ముఖం నా వైపు తిప్పి చెప్తుంది: "మళ్ల మొదలైంది సప్పుడు. నీ దిక్కు గాదు, నా దిక్కు. కిందికెల్లి."

మా పెళ్లైన కొత్తలో ఆమె కూడా మా షెడ్డులోనే కండెలు చుట్టేది. ఆ మోతలో ఎవరి గొంతూ ఎవరికీ వినపడదు కాబట్టి అందరం పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్లం. అందుకే నా చెవులు పోవడం మా ఇంట్లో పెద్ద విశేషం కాలేదు. తలుపు ఎవరు కొట్టినా, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా, పక్కింటి గంగవ్వ కోడలిని ఏమని తిట్టినా లలిత చెప్పేస్తుంది. ఆమె చెప్తున్నన్నాళ్లూ నేను చెవిటివాణ్ణి కాను.

ఇక్కడొక గ్యారేజీకి వెళ్లాను. వాడు నా చెవుల సంగతి కనిపెట్టి, నేను వెనక్కి తిరిగాననుకుని పక్కవాడితో "బహరా హై, బడా బిల్ బనా" అన్నాడు, చెవిటివాడు, బిల్లు పెద్దది వెయ్యమని. అద్దంలో వాడి పెదవులు నాకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇక ఆ గడప తొక్కను. సాంచా విప్పి బిగించిన చేతులకు కారొక లెక్కా? నువ్వు మెకానిక్కువి. నువ్వు చెప్పు, నేను చేస్తాను.

మీ అక్క మొన్నటి గోంగూర ముదురుదని చెప్పమంది. చెప్పాను.

నీ బావ
రాఘవయ్య

కోరుట్ల
23 జూన్ 2024

బావకు నమస్కారం.

నీ దస్తూరీ చూసి ఎన్నాళ్లైంది! మా షెడ్డులో రెండుసార్లు చదివాను. గోంగూర ముదురు తప్పు నాది కాదు, వానది.

చప్పుడు అంటే సరిపోదు బావా. డాక్టరు దగ్గర నొప్పి అని ఊరుకుంటే మందెలా ఇస్తాడు? ముందు బండిలో ఉన్న సామానంతా దించు. సగం చప్పుళ్లు గిన్నెలవీ మూతలవీ అయి ఉంటాయి. ఖాళీ బండిలో అక్కను కూర్చోబెట్టుకుని పో. చిన్న చిన్న గుంతల మీద టకటకలాడుతోందా? స్పీడు బ్రేకరు దిగేటప్పుడు ధడ్ అంటోందా? నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోందా? ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు.

తర్వాత ముందు భాగాన్ని జాకీతో లేపు. జాకీని నమ్మి కిందికి దూరావంటే మా అక్క నన్ను చంపుతుంది. మొద్దులు పెట్టు. చక్రం గాలిలో వేలాడాలి. పైనా కిందా పట్టుకుని గట్టిగా ఊపు. కింద పొడుగాటి ఇనుప చెయ్యి ఉంటుంది, లోయర్ ఆర్మ్ అంటాం. దాని కొసన బాల్ జాయింట్ ఉంటుంది, మన భుజం కీలు లాంటిది. చక్రాన్ని బండికి పట్టి ఉంచేది అదే. దాని మీద రబ్బరు టోపీ ఉంటుంది. ఊపినప్పుడు ఆ కీలు కదిలిందంటే ఇంక ఆ బండి బయటికి తీయకు.

జాగ్రత్త.

ఓంకార్

ఉన్, సూరత్
2 జూలై 2024

ఓంకార్,

నీ పాఠాలు చదివి పరీక్ష రాశాను. నువ్వన్నట్టు సాంబారు గిన్నె మూత ఒక దొంగ. గిన్నెనే వెనక నుంచి తీసి లలిత కాళ్ల దగ్గర పెట్టాను, ఇప్పుడు ఆమే పట్టుకుంటుంది. కానీ అసలు దొంగ వేరే ఉన్నాడట. ఖాళీ బండిలో కూడా చిన్న గుంతల మీద "కటక్ కటక్" అంటోందట, ఎడమకు తిప్పినప్పుడు ఇంకాస్త ఎక్కువట. ఇక్కడ వానలు మొదలయ్యాయి. గుంతలకు కొదవ లేదు.

మొన్న ఆదివారం మొద్దులు పెట్టి ఎడమ వైపు లేపాను. ఆ కీలు మీది రబ్బరు టోపీ చిరిగి ఉంది. దానికి మన సాంచాల పద్ధతిలో చక్కగా కట్టు కట్టేశాను. ఆ తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాను. బండరాయి. ఇసుమంత కదలిక లేదు. ఫ్రేము మీద చెయ్యి పెట్టి ఏ బేరింగు చెడిందో చెప్పిన చేతులు ఇవి. నా చెవులు పోయాయి గానీ చేతులు పోలేదు.

నేను కింద పని చేస్తున్నంతసేపు మీ అక్క గొడుగు పట్టుకుని నిలబడింది. "ఏందో మీ ఇనుప ముచ్చట్లు" అంటుంది. నీ ఉత్తరాలు ఎప్పుడు వచ్చినా విప్పకుండా నా చేతికిస్తుంది.

మళ్లీ ఏం చేయాలో రాయి.

రాఘవయ్య

కోరుట్ల
7 జూలై 2024

బావా,

బాల్ జాయింట్ గట్టిగా ఉందని నీ చేతులు చెప్పాయి కదా, ఇంక దాని జోలికి పోకు. నీ చేతుల మీద నాకు నమ్మకం ఉంది. చిన్న గుంతల మీద కటక్ అంటే నూటికి తొంభై పాళ్లు లింక్ రాడ్డే. సన్నగా జానెడు పొడవుంటుంది. రెండు పక్కలా కొత్తవి ఈ సంచిలోనే పెట్టాను, పచ్చిమిరపకాయల కింద చూడు. నట్టు తిప్పేటప్పుడు లోపలి పిన్ను కూడా తిరుగుతుంది, దాన్ని వెనక నుంచి పట్టి ఉంచు.

నిన్న మా దగ్గరికి ఒకాయన బండి తెచ్చాడు, చప్పుడు ఎక్కడో దొరక్క రెండు రోజులు తిప్పలు పడ్డాను. చివరికి సీటు కింద నిమ్మకాయ దొరికింది. కొత్త బండికి పూజ చేసినప్పటిది, ఎండి గోళీ అయింది. కాబట్టి నిరుత్సాహపడకు.

ఓంకార్

ఉన్, సూరత్
19 జూలై 2024

ఓంకార్,

రాడ్లు మార్చాను. సగం రోజు పట్టింది, వేలు చితికింది, అది వేరే సంగతి. బండి కొత్త పెళ్లికూతురిలా పోతోందని నా చేతులు చెప్తున్నాయి. లలిత మాత్రం "తక్కువైంది గని పోలే" అంటుంది. నాలుగు రోజులకు "మళ్ల పెరిగింది" అంది.

ఇదివరకు మోచెయ్యి తట్టి చెప్పేది. ఇప్పుడు తలుపు పిడి పట్టుకుని కూర్చుంటుంది. ప్రతి గుంతకూ కళ్లు మూసుకుంటుంది. ఆమె అట్లా కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చేసిన పని మీద నమ్మకం లేదనేగా దాని అర్థం? మొన్న అరిచాను కూడా. నేనెంత గట్టిగా అరిచానో నాకు తెలియదు. సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాడు తిరిగి చూశాడు.

మూడో మనిషి చెబితే తేలిపోతుందని నిన్న లింగాన్ని ఎక్కించుకున్నాను. మా షెడ్డులో నా పక్క వరస సాంచాలు నడిపినవాడే, మంచివాడు, అబద్ధం ఆడడు. సచిన్ దాకా పోయి వచ్చాం. "ఏం సప్పుడు లేదే వదినా, ఊకె భయపడుతున్నవు" అన్నాడు లింగం. లలిత అతని వైపు ఒకసారి చూసి తలుపు పిడి ఇంకా గట్టిగా పట్టుకుంది.

నా చేతులు లేదంటున్నాయి. లింగం చెవులు లేదంటున్నాయి. ఆమె ఒక్కతే ఉందంటోంది. నువ్వే చెప్పు.

రాఘవయ్య

కోరుట్ల
25 జూలై 2024

బావా,

ఇది నువ్వొక్కడివే చదివి చింపెయ్యి.

నాకు తోచింది చెప్తాను, కోపం తెచ్చుకోకు. చప్పుడు బండిలో లేదు, అక్క మనసులో ఉంది. అక్క చిన్నప్పటి నుంచీ అంతే. మా నాయన సైకిలు మీద కూర్చోబెడితే గొలుసు తెగుతుందని ఏడ్చేది. కొన్నేళ్లు సాంచాల మోతలో ఉండి, ఇప్పుడు పిల్లలు లేని ఇంట్లో, మాట వినపడని మనిషితో రోజంతా ఉంటే చెవుల్లో ఏదో ఒకటి మోగకుండా ఉంటుందా? అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఒక ఉపాయం చెప్తాను. ఆదివారం నాడు చక్రం విప్పు. చేతులకు గ్రీజు పూసుకో. ఏమీ మార్చకు. మళ్లీ బిగించి, "ఓంకార్ అసలు జబ్బు కనిపెట్టాడు, కొత్త సామాను వేశాను" అని చెప్పు. ఆమె చప్పుడు పోయిందన్నదంటే అది మనసు జబ్బని తేలినట్టే. అప్పుడు నెమ్మదిగా ఎవరైనా మంచి డాక్టరుకు చూపిద్దాం. పోలేదు అన్నదంటే నేనే వచ్చి చూస్తాను.

అక్క ఇవేవీ చదవదని తెలుసు. అయినా చింపెయ్యి.

ఓంకార్

ఉన్, సూరత్
6 ఆగస్టు 2024

ఓంకార్,

నీ నోట్లో చక్కెర పొయ్యాలి!

ఆదివారం నువ్వు చెప్పినట్టే నాటకం ఆడాను. రెండు గంటలు చక్రం కింద కూర్చుని బీడీలు తాగాను. గ్రీజు మోచేతుల దాకా పూసుకున్నాను. లలితను ఎక్కించుకుని గుంతలన్నీ వెతికి వెతికి వాటి మీదుగా పోనిచ్చాను. ఆగి అడిగాను. నా ముఖంలోకి చూసి, "ఏం సప్పుడు లేదు. మంచిగనే ఉంది" అంది. అంతే.

నవ్వు ఆపుకోలేక చచ్చాను. పాపం అనిపించింది కూడా. ఇన్నాళ్లు లేని దానికి ఎంత భయపడిందో! ఇప్పుడు తలుపు పిడి పట్టుకోవడం లేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా కూర్చుంటోంది. నేను కూడా పాత వేగంతో నడుపుతున్నాను. డాక్టరు సంగతి వానలు తగ్గాక చూద్దాం.

నీ ఉత్తరం చింపలేదు, పరుపు కింద ఉంది. ఇంత తెలివైన ఉత్తరాన్ని చింపబుద్ధి కాలేదు.

రాఘవయ్య

కోరుట్ల
12 ఆగస్టు 2024

బావా,

చూశావా మరి! ఐదు వందల మైళ్ల దూరం నుంచి పానా పట్టకుండా బండి బాగు చేసిన మెకానిక్కు ఇంకొకడు ఉంటే చూపించు. మా షెడ్డులో ఈ సంగతి చెప్పి అందరినీ నవ్వించాను. అక్కకు మాత్రం తెలియనివ్వకు, వచ్చే రాఖీకి నా చెయ్యి విరుస్తుంది.

ఈసారి గోంగూర లేతది పంపాను. పులిహోరకు చింతపండు కూడా ఉంది. హజీరా పిల్లలకు నా పేరు చెప్పి పెట్టమను.

ఓంకార్

ఉన్, సూరత్
29 ఆగస్టు 2024

ఓంకార్,

నీ ఉత్తరం ఆసుపత్రిలో అందింది. గంగవ్వ బస్సు దగ్గరికి పోయి సంచి తెచ్చింది. నవ్వించానని రాశావు. నీ తప్పేం లేదు, నీకు తెలియదు.

ఎనిమిదో తేదీ పొద్దున హజీరా రోడ్డులో ఎడమకు తిప్పుతుంటే ఆ కీలు ఊడిపోయింది. చక్రం బయటికి వాలిపోయి బండి ఎడమ వైపు కూలి రోడ్డు పక్క గోడను గుద్దింది. వేగం ఎక్కువ లేదు. గుద్దుకున్నందుకు ఎవరికీ దెబ్బలు తగలలేదు. లలిత కాళ్ల దగ్గర సాంబారు గిన్నె ఉంది. పొయ్యి మీద నుంచి దించి అరగంట కూడా కాలేదు.

ఒక సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. బండి ఆగగానే నేను దిగి ముందు నుంచి తిరిగి వచ్చి, వంగి చక్రం చూశాను. నేను బాగు చేసిన చక్రం కదా, ఏమైందా అని. రోడ్డు మీది వాళ్లు పరుగెత్తుకొచ్చి నన్ను తోసేసి ఆమె వైపు తలుపు లాగుతుంటే అప్పుడు తలెత్తాను. అద్దం అవతల ఆమె నోరు తెరుచుకుని ఉంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో నాకు తెలియదు. ఆమె అరుస్తుంటే నేను ఇనుము చూస్తూ కూర్చున్నాను.

రెండు కాళ్లూ మోకాళ్ల దాకా కాలాయి. ఇరవై రోజులు ఉంచి నిన్న ఇంటికి పంపారు.

కీలు విప్పి చూశాను. నేను కట్టిన కట్టు ఉండలుగా ఊడొచ్చింది. సాంచాకు ఎక్కడ రబ్బరు చిరిగినా, ఏ భాగం అదిరినా వేస్టు నూలును నూనెలో ముంచి బిగించి చుడతాం. నెలల తరబడి ఆగుతుంది. ఆ పద్ధతిలోనే గ్రీజు నూలు పది చుట్లు చుట్టాను. దాని బిగువుకే చక్రం బండరాయిలా అనిపించింది. లోపల గుండు అప్పటికే అరిగి ఉంది. నూలు వాన నీళ్లను, ఇసుకను పీల్చి దాన్ని పూర్తిగా తినేసింది. నేను కట్టు కట్టాక ఊపాను. కట్టక ముందు ఊపి ఉండాల్సింది.

ఆసుపత్రిలో నాలుగో రోజు లలిత నా వైపు తిరిగి, నేను బాగా చదవగలిగేలా నెమ్మదిగా చెప్పింది: "ఆ సప్పుడు ఒక్కనాడు గూడ బందు గాలే. ఆ ఆదివారం ముందటి నాడే పరుపు దులుపుతుంటె మీ ఉత్తరం దొరికింది, చదివిన. మీ ఇద్దరికి నేను పిచ్చిదాని లెక్క కనబడ్డంక ఇంక చెప్పి ఏం ఫాయిదా? లేదంటె మీరు ఖుష్ అయితరు గదా, లేదన్న."

ఆ తర్వాత నా వైపు తిరగలేదు.

రాఘవయ్య

కోరుట్ల
3 సెప్టెంబర్ 2024

బావా,

నీ ఉత్తరం చదివి షెడ్డు మూసి ఇంటికొచ్చాను. మూడు రోజులుగా తెరవలేదు.

నీ తప్పు కాదు. కట్టు కట్టానని నువ్వు రాశావు, ఏం కట్టావని నేను అడగలేదు. లింగం మీ పక్క వరసలో సాంచాలు నడిపాడని కూడా రాశావు. అతని చెవులు ఏపాటివో అడగాలని నాకు తట్టలేదు. ఇద్దరు చెవిటివాళ్లు లేదన్నారని, వినగలిగిన ఒక్క మనిషిని నేను పిచ్చిదాన్ని చేశాను.

ఇరవై రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాను. చప్పుడు అందరికంటే ముందు వినేది పక్క సీటులో కూర్చున్న ఆడవాళ్లే. వాళ్లకు నడిపే ధ్యాస ఉండదు కాబట్టి. ఎవరి ఇంటావిడ వచ్చి చప్పుడన్నా నేను మారు మాట్లాడకుండా చక్రం విప్పుతాను. సొంత అక్క చెబితే సైకిలు గొలుసు గుర్తుకొచ్చింది. నా చెంప నేనే వాయించుకున్నాను బావా, మా ఆవిడ చూసి భయపడింది.

కొత్త లోయర్ ఆర్మ్ పంపుతున్నాను. దాన్ని బండికి పట్టే రబ్బరు బుష్ బోల్టులు చక్రం గాలిలో ఉన్నప్పుడు పూర్తిగా బిగించకు. బండి బరువు నేల మీద పడ్డాకే చివరి బిగింపు. లేకపోతే రబ్బరు మెలి తిరిగి చిరుగుతుంది. ఈసారి ఏ చిన్న సంగతీ వదలకుండా రాస్తున్నాను. అక్కకు వేరే కాగితం పెట్టాను. ఆమెకివ్వు. నేను దసరా లోపల వస్తాను.

ఓంకార్

ఉన్, సూరత్
21 సెప్టెంబర్ 2024

ఓంకార్,

నీ కాగితం ఆమె చేతికిచ్చాను. విప్పకుండా బియ్యం డబ్బా మీద పెట్టింది. వారమైంది, అక్కడే ఉంది.

ఆర్మ్ వేశాను. బరువు నేల మీద పడ్డాకే బిగించాను. ఒక్కణ్ణే హజీరా దాకా పోయి వచ్చాను. నా చేతులకు ఏ తేడా లేదు. కానీ నా చేతుల మాట ఇంక నేనే నమ్మను. మొన్న లలితను బతిమాలి ఎక్కించుకున్నాను. ఇప్పుడు గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. మెల్లగా సచిన్ దాకా పోయాం. ఆపి అడిగాను. కిటికీలోంచి బయటికి చూస్తూ తల అడ్డంగా ఊపింది. చప్పుడు లేదనా? చెప్పననా? ఆ రోజు కూడా లేదనే అంది. ఆ బండి బాగుందో లేదో నాకు తెలిసే దారి లేదు. తాళం తీసి గంగవ్వ ఇంట్లో ఇచ్చేశాను. హజీరా భోజనాలు వేరేవాళ్లు అందుకున్నారు.

కారు పోతే పోనీ. ఇంట్లో సంగతి చెప్తాను. సోమవారం కుక్కర్ మాడి వాసన వస్తే పరుగెత్తాను. ఆమె దాని పక్కనే కూరగాయలు తరుగుతోంది. కూతలు వినలేదా అని అడిగాను. "ఏం సప్పుడు లేదు" అంది. గ్యాసు బండవాడు రెండుసార్లు వచ్చి తలుపు కొట్టి పోయాడని గంగవ్వ చెబితే తెలిసింది. లలిత ఆ తలుపుకు ఎదురుగానే కూర్చుని ఉంది.

అడిగితే అన్నిటికీ అదే జవాబు. కోపమా అంటే కాదు. అన్నం పెడుతుంది, చొక్కా ఉతికి పెడుతుంది, నా బీపీ మాత్ర గుర్తుంచుకుని నీళ్ల గ్లాసు పక్కన పెడుతుంది. మాట మాత్రం నా వైపు తిరిగి చెప్పదు. పొయ్యి వైపు తిరిగి చెప్తుంది, లేకపోతే గోడ వైపు. పెదవులు కనపడకపోతే నాకేం తెలుస్తుంది? ముప్పై ఏళ్లుగా ఆ సంగతి ఆమెకు తెలుసు. నిన్న మధ్యాహ్నం గోడ వైపు తిరిగి పడుకుంది. భుజం కదులుతోంది. మాట్లాడుతోందో ఏడుస్తోందో తెలియలేదు. ముందుకెళ్లి వంగి ముఖం చూశాను. పెదవులు మూసేసుకుంది.

కాళ్లు పట్టుకున్నాను ఓంకార్. కట్లు ఉన్న కాళ్లు కదా, నొప్పి పుట్టిందేమో, వెనక్కి లాక్కుంది.

దసరాకు వస్తానన్నావు. వద్దు. నువ్వొస్తే నీతో మాట్లాడుతుంది. తమ్ముడివి, ఎన్నాళ్లని కోప్పడుతుంది? మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నేను పక్కన కూర్చుని ఆమె వీపు చూడాలి. అది నావల్ల కాదు.

ఉత్తరాలు మాత్రం ఆపకు. కారు గురించి కాకపోయినా సరే, నీ షెడ్డు సంగతులు రాయి, వానల సంగతి రాయి. ఈ ఇంట్లో నాకు అందే మాట ఇప్పుడు అదొక్కటే.

నీ బావ
రాఘవయ్య